సువార్తమ్మ గారికి చెప్పని మాట

నైలాను దారం కొసను అగ్గిపుల్లతో కాలిస్తే అదో రకం వాసన వస్తుంది. పీచులు లేవకుండా కొస కరిగి ముద్ద కట్టాలని అలా కాలుస్తాం. ఈ పొద్దున తాడేపల్లిగూడెంలో నా దగ్గర పని నేర్చుకుంటున్న ఆడవాళ్ళు ఐదారుగురు ఒకేసారి కొసలు కాల్చారు. గదంతా అదే వాసన. ఒకావిడ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని "ఏం కంపండీ బాబూ!" అంది. అందరూ నవ్వారు. నేను మాత్రం ఏదో పనున్నదానిలా లేచి వరండాలోకి వెళ్ళిపోయాను. ఆ వాసనకు నాకు సువార్తమ్మ గారు గుర్తొస్తారు. గుర్తొస్తే సంతోషించాలి గానీ, నాకు ముందు సిగ్గు ముంచుకొస్తుంది. ఇన్నేళ్ళూ ఆవిడ గురించి అడిగినవాళ్ళకు మంచి మంచి సంగతులే ఏరి చెప్పాను. ఏరకుండా చెప్పడం ఇదే మొదటిసారి.

ఆవిడది ఏలూరు. పెళ్ళయిన కొత్తలో తివాచీలు నేసే షెడ్డులో చేరి, పాతికేళ్ళ పైనే ఉన్ని ముడులు వేశారు. షెడ్డు మూతపడ్డాక తోటివాళ్ళంతా వేరే పనులు చూసుకుంటే, ఈవిడ మాత్రం అక్కడ మిగిలిపోయిన రంగురంగుల ఉన్ని కొసలను రెండు గోనెసంచుల్లో కుక్కుకుని ఊళ్ళ మీద పడ్డారు. ఎవరింట్లో పాత చీరలున్నా, చొక్కాలున్నా, చిరిగిన వలలున్నా సరే, వాటిని పేలికలు చేసి, ఉన్ని కలిపి, ఓ చిన్న చెక్క చట్రం మీద గుమ్మానికి తెరలూ గోడకు వేలాడదీసే పటాలూ నేసిచ్చేవారు. అదొక కళ అనేవాళ్ళు మా వైపు ఆ రోజుల్లో ఎవరూ లేరు. మా నాన్నయితే ఆవిణ్ణి "పాతగుడ్డలావిడ" అనేవారు.

నాన్న గూడెంలో, అంటే మా తాడేపల్లిగూడెంలోనే, ఒక రైసుమిల్లులో గుమాస్తా. చిరిగిన గోనెసంచుల కోసం సువార్తమ్మ గారు మిల్లుకు వచ్చినరోజే నేను నాన్నకు క్యారేజీ తీసుకెళ్ళాను. అప్పటికి నాకు ఇరవయ్యారేళ్ళు. ప్రైవేటు స్కూల్లో పంతులమ్మ ఉద్యోగం హెడ్మాస్టరుతో గొడవపడి మానేసి, ఇంట్లో అందరి మీదా విసుక్కుంటూ ఉన్నాను. ఆవిడ సంచులు కట్టుకుంటూ నన్ను ఎగాదిగా చూశారు.

"ఏం చదివావమ్మా?"

"బీఏ అండీ."

"ముడి వెయ్యడం వచ్చా?"

అదేం ప్రశ్నని నవ్వొచ్చింది. ఆవిడ చేతిలోని పురికొసను తీసుకుని బిగించి ముడేశాను. ఆవిడ ఒక్కసారి లాగారు. ఊడి చేతిలోకి వచ్చింది. "బీఏలో ఇది చెప్పరు కాబోలు" అన్నారు చాలా మర్యాదగా. నాకు ఒళ్ళు మండిపోయింది. మర్నాడు ఏలూరు పాసింజరెక్కి వాళ్ళింటికి వెళ్ళాను, ఊడని ముడి వేసి చూపించి వచ్చేద్దామని. వచ్చేయలేదు. రెండేళ్ళు ఆవిడ సంచి మోశాను.

మా తిరుగుడంతా బస్సుల్లోనూ పాసింజరు బళ్ళలోనూ. గోనెసంచులు చూసి కండక్టర్లు "టాపు మీద వెయ్యండమ్మా" అని కసిరేవారు. "మనుషుల బట్టలండీ, ఎండలో ఎందుకూ" అని ఆవిడ ఒళ్ళో పెట్టుకు కూర్చునేవారు. ఏ ఇంటికి వెళ్ళినా ఆ ఇంటి అరుగు మీదే చట్రం వేసి, పని అయ్యేదాకా అక్కడే ఉండేవారు. ఆ ఇంటి బట్ట ఆ ఇల్లు దాటకూడదని ఆవిడ నియమం. ఎందుకని అడిగితే, "మనకు తెలీనిది వాళ్ళకు తెలుస్తుందమ్మా, పక్కనుంటే చెప్తారు" అన్నారు.

దాని అర్థం నాకు గూడెం దగ్గర ఒక రైతు ఇంట్లో బోధపడింది. ఆ ఇంటి పెద్దాయన భార్య పోయి ఆరు నెలలయింది. పోయినవాళ్ళ బట్టలు చాకలికి ఇచ్చేయడం ఆనవాయితీ. ఆయన మాత్రం ఒక చీర ధాన్యం గాదెలో దాచారట. కోడలు పెరట్లోకి వెళ్ళేదాకా ఆగి, తెచ్చి సువార్తమ్మ గారి చేతిలో పెట్టారు. "తప్పేమోనండీ, ఒక్కటే ఉంచుకున్నాను" అన్నారు.

"మంచిపని చేశారండీ. ఇందులో మీకు ఏ భాగం కావాలి?"

నేనైతే జరీ అంచు అనుకున్నాను. ఆయన కొంగు చివర పసుపు మరకలు చూపించారు. వంట చేస్తూ చేస్తూ ఆవిడ చేతులు తుడుచుకున్న చోటు. సువార్తమ్మ గారు ఆ మరకలున్న పేలికలనే పటం మధ్యలో నేశారు. పని అయ్యాక ఆ పెద్దాయన దాన్ని మొహానికి ఆనించుకుని మా ఎదుటే ఏడ్చారు. తిరుగుదారిలో నేను కూడా ఏడిస్తే, "ముడులు వదులవుతాయి, కళ్ళు తుడుచుకో" అన్నారు. ఇదంతా చూసి, అర్థం చేసుకుని కూడా నేను ఆ తర్వాతి పని చేశాను.

ఆ ఏడాది ప్రభుత్వం వాళ్ళు కొల్లేట్లో చేపల చెరువుల గట్లు తెగ్గొట్టించారు. సరస్సు బతుకుతుందని కొందరు, మా పొట్ట కొట్టారని కొందరు. బస్సులో ఎక్కడ విన్నా అదే మాట. మేం పడవలో దాటి ఒక లంక ఊరికి వెళ్ళాం. వెంకాయమ్మ అని, నలభై ఏళ్ళావిడ, కబురు చేసింది. భర్త ఆ ముందు చలికాలం జ్వరంతో పోయాడు. ఇంటి ముందు గుంజకు అతని వల వేలాడుతోంది. నిండా అతుకులే. తెల్ల దారం ఒకచోట, నీలం ఒకచోట, పచ్చది ఒకచోట.

"ఇక్కడింక పనుల్లేవండీ," అంది వెంకాయమ్మ. "నల్లజర్లలో మా తమ్ముడు పామాయిల్ తోటలో చేస్తున్నాడు, వచ్చెయ్యమంటున్నాడు. నీళ్ళు లేని ఆ మెరకలో వలేం చేసుకుంటానండీ? అలాగని ఇక్కడ వదిలేసి పోలేను. నా ట్రంకుపెట్టెలో పట్టేంత గుమ్మం తెర చేసి పెట్టండి. అదొక్కటీ తీసుకుపోతాను."

సువార్తమ్మ గారు ఆ అతుకులను వేళ్ళతో తడుముతూ చాలాసేపు నిలబడ్డారు. తర్వాత చట్రం విప్పబోయి, అలాగే గోడకు జారగిలబడిపోయారు. అప్పుడు చూశాను, కళ్ళు పచ్చగా ఉన్నాయి. కామెర్లు. మమ్మల్ని పడవ ఎక్కించేటప్పుడు వెంకాయమ్మే వలను మూటకట్టి, రెండు పాత చీరలు కూడా పెట్టి నా చేతికిచ్చింది. బస్సులో సువార్తమ్మ గారు నా భుజం మీద తల ఆనించి, "పద్మా, నేను లేచేదాకా ఆ మూట అలాగే ఉంచు" అన్నారు.

ఉంచితే బాగుండేది. ఆవిడ మంచం మీదున్న వారం రోజులూ నాకు చేతులు దురద పెట్టాయి. సగం పని చేసేసి మెప్పు కొట్టేద్దామనుకున్నాను. మూట విప్పి, వల పరిచి, అతుకుల్లేని చోటు చూసి గుమ్మానికి సరిపడా ముక్క శుభ్రంగా కత్తిరించాను. గడ్డలు గడ్డలుగా, రంగురంగుల దారాలతో ఉన్న మిగతాదంతా చుట్టచుట్టి చెత్తలో పడేశాను. పొద్దున్నే మునిసిపాలిటీ ట్రాక్టరు వచ్చి తీసుకుపోయింది.

కత్తిరించిన ముక్క పట్టుకుని గొప్పగా ఏలూరు వెళ్ళాను. ఆవిడ మంచం మీద లేచి కూర్చుని, దాన్ని అటూ ఇటూ తిప్పారు.

"అతుకులున్న ముక్కలేవమ్మా?"

"అవేం బాగోలేదండీ, తీసేశాను."

"తీసి ఎక్కడ పెట్టావు?"

చెప్పాను. ఆవిడ ఆ ముక్కను మడిచి ఒళ్ళో పెట్టుకున్నారు. తర్వాత మెల్లగా అన్నారు, "వల కొట్లో కొన్నదే పద్మా. మిషను అల్లింది. ఆయన చేత్తో వేసినవి ఆ అతుకులొక్కటే."

చెంప మీద కొట్టినా బాగుండేది. ఏడ్చాను. ఏడుస్తూనే, చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, "పోనీ నేనే అతుకులు వేస్తానండీ, ఆవిడకేం తెలుస్తుంది?" అన్నాను. రెండేళ్ళలో ఆవిడ నా మీద గొంతు పెంచింది అదొక్కసారే. "వద్దు! వెళ్ళి ఉన్నది ఉన్నట్టు చెప్పు. తిడితే పడు. నేను లేవగలిగితే నేనే వచ్చేదాన్ని."

ఆవిడ మంచం పక్కనే కూర్చుని, ఆవిడ చెప్పినట్టే చీర పేలికలు వల కళ్ళలోంచి దూర్చి తెర నేశాను. కింద రెండు జానల వలను ఏమీ నేయకుండా ఖాళీగా వదిలించారు, వల వలలాగే కనపడాలని. పని పూర్తయింది. ఇచ్చిరావడమే మిగిలింది. ఇంటికి తెచ్చి, ఆ ఖాళీ వలను నాలుగుచోట్ల నా చేతులతో నేనే చింపాను. చింపి, కొత్త నైలాను దారాన్ని టీ డికాషనులో నానబెట్టి, పాతబడ్డట్టు చేసి, అతుకులు వేసి, కొసలు అగ్గిపుల్లతో కాల్చాను. మంచి అతుకులే. అప్పటికి నా ముడులు ఊడటం లేదు.

వెంకాయమ్మ తెరను ఒళ్ళో పరుచుకుని తడిమింది. ఒక అతుకు దగ్గర వేలు ఆగింది. "మీ ఆయన వేసినవేనండీ, కావాలనే ఉంచాం" అన్నాను, అడక్కముందే. ఆవిడ తలెత్తి నాకేసి చూసింది. ఒక్క క్షణమే. "ఎండన పడి వచ్చావు, అన్నం తిని వెళ్ళమ్మా" అని చేపల పులుసు వడ్డించింది. నేను తిన్నాను. మారు వడ్డిస్తే అది కూడా తిన్నాను.

ఏలూరులో సువార్తమ్మ గారు నాకోసం గుమ్మంలో స్టూలు వేసుకుని కూర్చున్నారు.

"చెప్పావా?"

"చెప్పానండీ. ఏమీ అనలేదు."

"ఏడ్చిందా?"

"కొంచెం."

ఆవిడ ఊపిరి వదిలి, "పోన్లేమ్మా, గండం గడిచింది" అన్నారు. ఆ ఊపిరి చూసి నేను చేసింది మంచిదే అనుకున్నాను. అడుసు తొక్కినదాన్ని, కాలు కూడా కడుక్కోకుండా నడిచిపోయాను.

తర్వాత ఆవిడ కొంచెం తేరుకున్నారు. నాలుగైదు నెలలు దగ్గరి ఊళ్ళు తిరిగాం. మళ్ళీ కామెర్లు తిరగబెట్టాయి. ఈసారి లేవలేదు. చర్చి ఆవరణలో పెట్టెను దింపేటప్పుడు, ఎక్కడెక్కడి ఊళ్ళ వాళ్ళో వచ్చి నిలబడ్డారు. గాదెలో చీర దాచిన పెద్దాయన కూడా వచ్చారు. ఆవిడ చెయ్యి పట్టుకుని పని నేర్చుకున్నది నేనేనని అందరూ నన్నే ఓదార్చారు. నాకు అమ్మ పోయినప్పుడు కూడా అంత దిక్కులేనట్టు అనిపించలేదు.

రెండేళ్ళు గడిచాక నల్లజర్ల బస్టాండులో సంచులతో దిగితే, వెనకనుంచి ఎవరో చెయ్యి పట్టుకున్నారు. వెంకాయమ్మ. బలవంతాన ఇంటికి తీసుకెళ్ళింది. గుమ్మానికి ఆ తెర కట్టి ఉంది. నేను గడప దాటలేదు. అక్కడే నిలబడి, "ఆ అతుకులు మీ ఆయనవి కాదండీ" అనేశాను.

"తెలుసమ్మా," అంది. "ఆయనది పుర్రచేతి వాటం, ఏం చేసినా ఎడమచేత్తోనే. ఆయన ముడి ఎప్పుడూ అటుకేసి తిరుగుతుంది. నీది ఇటు తిరిగింది. ఆ రోజే చూశాను."

"మరి నన్నేమీ అనలేదేంటండీ?"

"అప్పటికే నీ మొహంలో నెత్తురు చుక్క లేదు. ఏమంటాను? పోయినవి తిరిగొస్తాయా?" తెర అంచు సర్దుతూ, "సువార్తమ్మ గారు కూడా చెప్పారు" అంది.

నాకు అర్థం కాలేదు. వెంకాయమ్మ లంక వదిలి నల్లజర్ల వస్తూ, ఏలూరులో బస్సు మారేటప్పుడు ఆవిణ్ణి చూసిపోదామని ఇంటికి వెళ్ళిందట. తెర చూపించిందట. నేను ఇచ్చొచ్చి అప్పటికి పది రోజులు కూడా కాలేదు. సువార్తమ్మ గారు ఆ అతుకులు చూశారట, అసలువి నేను పారేసిన సంగతంతా చెప్పి వెంకాయమ్మ రెండు చేతులూ పట్టుకుని ఏడ్చారట. "ఆ పిల్లనేమీ అనకండి, తనే వచ్చి నాతో చెప్తుంది. చెప్పేదాకా చూస్తాను" అన్నారట.

అప్పుడు తెలిసింది నాకు, ఆ చివరి నెలల సంగతి. బస్సు కోసం నిలబడినప్పుడల్లా ఆవిడ ఉన్నట్టుండి "నాకేమన్నా చెప్పాలా పద్మా?" అనేవారు. జబ్బుమనిషి కదా, దేనికో కంగారు పడుతున్నారనుకునేదాన్ని. "లేదండీ, చిల్లర సిద్ధంగానే ఉంది" అనేదాన్ని. ఆవిడ "సరేలే" అని రోడ్డుకేసి చూసేవారు. ఎన్నిసార్లు అడిగారో లెక్కలేదు. నేను బీఏ చదివినదాన్ని, ఒక్కసారీ అర్థం కాలేదు.

ఆవిడ నన్ను క్షమించారని తెలుసు. కానీ ఆ క్షమ తీసుకోవడానికి నేను చెయ్యి చాచనేలేదు. అది ఆవిడతోనే వెళ్ళిపోయింది. ఇప్పుడు నా దగ్గర పని నేర్చుకునేవాళ్ళు తప్పు చేసి దాస్తే, చేతుల కదలికలోనే తెలిసిపోతుంది. నేను ఆవిడలా ఆగను. అప్పటికప్పుడు అడిగేస్తాను, తిట్టేస్తాను, ఏడిపిస్తాను, ఆ ఇంటికి వెంటబెట్టుకు వెళ్ళి చెప్పిస్తాను. పద్మ గారికి ఓపిక లేదు, సువార్తమ్మ గారి మంచితనం ఈవిడకు రాలేదు అంటారట. అనుకోనీ. నేను పోయాక వీళ్ళలో ఎవరూ ఏ బస్టాండులోనో నిలబడి, లేని మనిషికి "ఉందండీ, చెప్పాలండీ" అని జవాబు చెప్పుకోకూడదు.