మసక తెర

పుంగనూరు చర్చిలో ప్రొజెక్టరుతో గోడ మీద పాటలు వేసే ఇవాన్‌కు అక్కడి లాప్‌టాప్ ముఖం చూస్తేనే చిరాకు. గ్రాఫిక్స్ డ్రైవర్ అప్‌డేట్ అయిన రోజు నుంచీ దాని తెర మసిబట్టిన లాంతరు గ్లాసులా ఉంది. వెలుతురు పెంచే మీట నొక్కీ నొక్కీ వేళ్లు కాయలు కాశాయి. ఈ ఆదివారం ఆరాధనలో, జలుబుకు ఆవిరి పట్టేవాడిలా తల మీద తువ్వాలు కప్పుకుని, తెర మీదికి వంగి పాట కోసం వెతికాడు. దొరకలేదు. మందిరంలో అతను నోటితో తిట్టడు, వేళ్లతో తిడతాడు. "థూ, పాడు అప్‌డేటూ, నా తెరలో వెలుగంతా మింగేస్తివే" అని పాట ఉండాల్సిన చోటే టైపు కొట్టాడు. ప్రొజెక్టరుకు మాత్రం ఏ జబ్బూ లేదు. ఎదురు గోడ మీద ఒక్కో అక్షరాన్నీ మూరెడెత్తున వేసింది.

ముందు వరసలోని యేసమ్మ కండ్లద్దాలు సర్దుకుని, కూడబలుక్కుని చదివింది. "ఇవానప్పా, ఈ పాట మాకు రాదు. ముందు నువ్వెత్తుకోప్పా."