బకెట్ తన్నిన ముసలాయన

హైటెక్ సిటీ తెరిచిన కొత్తలో, దాని దగ్గరే ఒక ఆఫీసులో నేను మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్ పని చేసేదాన్ని. అమెరికా డాక్టర్లు తమ రోగుల గురించి రికార్డు చేసి పంపిన మాటలను విని టైపు చేయాలి.

ఒక డాక్టరు మాటల్లో ఒక ముసలాయన తరచూ వచ్చేవాడు. పక్షవాతంతో కాలు పడిపోయింది. మూసాపేటలో మా నాన్నదీ అదే పరిస్థితి. అందుకే ఆయన సంగతులు శ్రద్ధగా విని ఇంట్లో చెప్పేదాన్ని.

ఒక రోజు రికార్డు చివర ఆ డాక్టరు మామూలు గొంతుతో, ఆయన ఈ ఉదయం బకెట్ తన్నాడు, ఇక ఆయన గురించి వేరే డాక్టరుకు ఉత్తరం అక్కర్లేదు అన్నాడు. కాలు కదిలిందన్నమాట! ఇంటికి వెళ్లగానే నాన్నకు చెప్పాను.

"బకీటు తన్నిండా? అయితే నాది గూడ లేస్తది," అని నాన్న ఆ సాయంత్రమంతా దుప్పటి కింద కాలు కదపాలని చూస్తూనే ఉన్నాడు.

మర్నాడు మా పని సరిచూసే సీనియర్‌తో అదే అన్నాను. ఆవిడది కాకినాడ. నా ముఖంలోకి వింతగా చూసింది.

"అంటే పోయారనండీ. మనవాళ్లూ బాల్చీ తన్నేశాడంటారు కదా."

ఆ మాట సినిమాల్లో విన్నదే. దానికీ దీనికీ ముడి వేసుకోలేదు, అంతే. బకెట్టే ఎందుకని అడిగాను. ఉరి వేసుకునేవాడు ఎక్కి నిలబడ్డ బకెట్‌ను తన్నేస్తాడని కొందరంటారట. కోసే పందిని కాళ్లు కట్టి వేలాడదీసే దూలాన్ని పూర్వం బకెట్ అనేవారనీ, ప్రాణం పోతూ ఆ పంది దాన్ని తన్నేదనీ ఇంకొందరంటారట. ఏది నిజమో తేలలేదంది. నాకు రెండూ భయంకరంగానే తోచాయి. ఇన్నాళ్లు చూసిన మనిషి గురించి ఒక డాక్టరు అంత తేలిగ్గా ఆ మాట ఎలా అనగలిగాడు?

ఇంట్లో దాచలేకపోయాను. నాన్నకు ఉన్నదున్నట్టు చెప్పేశాను.

"సచ్చిపోయినోన్ని గట్లంటరా బిడ్డా?"

"అంటరంట నాయినా."

"పాపం, ఆయనకు ఎవలన్న ఉన్నరో లేరో."

ఆ రాత్రి నాన్న సరిగ్గా తినలేదు. తెల్లారి మాత్రం అమ్మను పిలిచి, "జర లేపు, కాలు కిందికి వెడత," అన్నాడు.