మా తమ్ముడి కిటికీలో ఊరంతా

మా తమ్ముడు వెస్సెల్‌కి ఒక్కటే జబ్బు. మనిషి ముఖం గీశాడంటే పక్కనే ఆ ముఖానికి సరిపడే జంతువును కూడా సిరాతో గీసి తీరతాడు. గీసి ఊరుకోడు. వీధి మలుపులో ఉన్న మా కిటికీకి, బయటికి కనబడేలా అంటిస్తాడు. కింద పేరు రాస్తాడు, అదీ అక్షరాలు కుడిఎడమలు తిరగేసి!

మా హోర్న్ ఊళ్ళో ఆడవాళ్ళు రోజూ గుమ్మం కడుగుతారు. నేను గుమ్మంతోపాటు బల్ల, వెన్నగిన్నె, పిల్లి, అన్నీ కడగాలి. అన్నిటిమీదా సిరాయే. నా బొమ్మ పక్కన గాడిదని గీశాడు. కాదనే ఓపిక కూడా లేకపోయింది.

రొట్టెల లాంబెర్ట్ కర్రతో వచ్చాడు. "ఏవమ్మా హిల్లా, నేను పందిలా ఉన్నానా?"

"అయ్యో, లేదు బాబూ!"

"మరి పేరు చదవకుండానే మా ఆవిడ గుర్తుపట్టిందే!"

పాదిరిగారు మెడ చాచి తన బొమ్మ పక్కనున్న కొంగను చూశారు. "నా మెడ ఇంత పొడుగా, తల్లీ?"

క్షమించమని ఇంటింటికీ ఆపిల్ అట్లు మోసి మోసి నా చేతులు పడిపోయాయి.

"ఒరే, పేరైనా తిన్నగా రాసి చావరా!"

"తిన్నగా రాస్తే తిరగబడుతుందక్కా."

వీడికి పూర్తిగా మతి పోయిందనుకున్నాను.

ఎదురు వరసలో ఫెన్నా ఇల్లు. మశూచి ఆమె కూతురు రెన్‌స్కె ప్రాణం తీయలేదు గాని ముఖాన మచ్చలు మిగిల్చింది. అప్పట్నుంచి పిల్ల గడప దాటలేదు. తెర వేసుకుని, దాని సందులోంచి, వీధి కనబడేలా అందరిళ్ళ కిటికీలకీ బయట బిగించి ఉండే చిన్న అద్దంలోనే వీధిని చూస్తుంది. "పిల్ల ఆ గదిలోనే ముసలిదైపోతుందే హిల్లా" అని ఫెన్నా నా దగ్గర ఏడ్చేది.

శనివారం వీధంతా మా గుమ్మం ముందు చేరింది. బొమ్మలు తీయండి, లేదా ఇల్లు ఖాళీ చేయండి అన్నారు. సరే, పీడా పోతుందని ఒక్కొక్కటే పీకడం మొదలెట్టాను.

"ఆగు పెద్దమ్మా!"

రెన్‌స్కె! ముఖానికి ముసుగైనా లేకుండా, ఇంటి చెప్పులతో పరుగెత్తుకొచ్చింది. "పంది లాంబెర్ట్‌ని తీయకు! రోజూ ఆయన్ని చూసే నవ్వుకుంటాను. ఊరందర్నీ గీశావు, నన్నెందుకు వదిలేశావు బాబాయ్?"

"కనబడితేగా గీయడానికి!" అన్నాడు నా వెనక నుంచి వెస్సెల్.

లాంబెర్ట్ నోరు తెరిచాడు. "ఆ తిరగరాతలో నా పేరెలా చదివావే?"

"తిరగరాతేమిటి? అద్దంలో తిన్నగానే ఉంటుందే!"

నేను ఆ అద్దాన్ని చూశాను, మా తమ్ముణ్ణి చూశాను. వాడు తల వంచుకుని కలం తుడుచుకుంటున్నాడు, నా శుభ్రమైన ఏప్రన్‌కి. ఇవన్నీ ఆ పిల్ల అద్దం కోసమేనని అప్పుడు తెలిసొచ్చింది. తిట్టబోయి, ఏప్రన్ కొస వాడికి ఇంకాస్త అందించాను.

అక్కడే నిలబడి పిల్ల ముఖం గీశాడు, మచ్చలతో సహా. పక్కన రొమ్మంతా చుక్కలున్న పాటల పిట్ట.

"ఇన్ని చుక్కలా బాబాయ్?"

"ఇంకా నాలుగు మరిచిపోయాను. ఇలా తిరుగు."

పిల్ల పకపకా నవ్వింది. లాంబెర్ట్ గొంతు సవరించుకుని, "హిల్లా, నా పందిని మళ్ళీ అంటించు. కాస్త పైన" అన్నాడు.

ఆ పూట మళ్ళీ అట్లు పోశాను. క్షమాపణకి కాదు, ఊరికే. పిండిలోనూ సిరా పడింది. అట్లను కడగలేం కదా, అందరం అలాగే తినేశాం.