లాగ్ పుస్తకంలో టీసీ

ఇంటర్ ఫలితాలు వచ్చిన దగ్గర్నుంచి నేను కాలుగాలిన పిల్లిలా తిరుగుతూనే ఉన్నాను. వంటింట్లోంచి వాకిట్లోకి, వాకిట్లోంచి బావి దగ్గరికి, అక్కణ్ణుంచి మళ్ళీ వంటింట్లోకి. "ఒకచోట కూర్చోవే, నిన్ను చూస్తుంటే నాకు కళ్ళు తిరుగుతున్నాయి" అని అమ్మ కసిరేది. కూర్చుంటే కాళ్ళు ఊగేవి. ఏమీ తోచకపోతే గోడమీది క్యాలెండరులో అంకెలు అడ్డంగా కూడేదాన్ని, తర్వాత నిలువుగా కూడేదాన్ని, ఆ తర్వాత అవి ఎందుకు అలా వచ్చాయా అని ఆలోచించేదాన్ని.

డెబ్బైల మధ్యలోని మాట ఇది. జగ్గయ్యపేట నుంచి వత్సవాయి వెళ్ళే దారిలో మా ఊరు. నాన్న ఆ ఊరి ఎలిమెంటరీ స్కూల్లో టీచరు. నేను నందిగామలో ఇంటర్ చదివాను. లెక్కల్లో ఆ ఏడు మా కాలేజీ మొత్తానికి నాకే ఎక్కువ మార్కులు వచ్చాయి. అవే నా కొంప ముంచాయి. మామూలుగా పాసయి ఉంటే నా జోలికి ఎవరూ వచ్చేవాళ్ళు కాదు. ఇప్పుడు ఎదురుపడ్డవాళ్ళందరూ సలహాదారులే. పాస్టరుగారి భార్య నర్సింగు అంది. పేట బస్సు కండక్టరు బ్యాంకు పరీక్షలు అన్నాడు. మా వీధి చివర కిరాణా కొట్టాయన "బీకాం చేర్పించండి మాస్టారూ, లెక్కలంటే లెక్కలే గదా" అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఉప్పు పొట్లం కట్టడానికీ నేను చేసే లెక్కలకీ సంబంధం ఏమిటని అక్కడే అడగబోయాను. నాన్న చెయ్యి పట్టి ఇవతలికి లాగాడు.

నాన్న ఎవరి మాటా వినలేదు. ఆయన ముందే తేల్చేసుకున్నాడు: టీచర్ ట్రెయినింగు. రెండేళ్ళు చదివితే ఉద్యోగం. ఆయన బతుకు నిలబెట్టింది ఆ ట్రెయినింగే. వాళ్ళ నాన్న ఒకరి పొలాల్లో కూలికి పోయాడు. ఈయన బడిలో కుర్చీలో కూర్చున్నాడు. కూతుర్నీ అదే కుర్చీలో కూర్చోబెడితే తన పని అయిపోయినట్టే అనుకున్నాడు. ఇప్పుడు తలచుకుంటే అందులో తప్పేమీ కనబడదు. అప్పుడు మాత్రం ఆ కుర్చీ పేరెత్తితే నాకు ఊపిరాడేది కాదు.

నందిగామలో మా లెక్కల లెక్చరరు ఒక మాట అన్నారు. "లెక్క చేసేవాళ్ళు చాలామంది ఉంటారమ్మా. నువ్వు చేసి ఊరుకోవు, అదెందుకు అలా వచ్చిందని అడుగుతావు. బీయస్సీలో లెక్కల గ్రూపు తీసుకో, తర్వాత ఎమ్మెస్సీకి వెళ్ళు." నాకు ఆ మాట ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. మాకు తెలిసిన ఆడపిల్లల కాలేజీలో సైన్సు అంటే బోటనీ, జువాలజీ మాత్రమే. లెక్కలు కావాలంటే బెజవాడలో మగపిల్లలతో కలిసి చదివే కాలేజీలోనే. దానికీ దరఖాస్తు పెట్టాను. నాన్న సంతకం చేశాడు గానీ, అది ట్రెయినింగు రాకపోతే అని.

"నాన్నా, నేను బీయస్సీకే పోతా."

"ఉద్యోగం వచ్చాక ప్రైవేటుగా బీయే కట్టుకుందువులే. నేనేమన్నా వద్దన్నానా?"

"బీయే నాకెందుకు? నాకు లెక్కలు కావాలి."

"ట్రెయినింగులో కూడా లెక్కలు ఉంటయ్యమ్మా."

మూడో తరగతి పిల్లలకు భాగహారం ఎలా చెప్పాలో అందులో ఉంటుంది. అది నాకు తెలుసు, ఆయనకూ తెలుసు. అయినా ఆ మాట నమ్మకంగా, మెత్తగా అన్నాడు. మెత్తటి మనిషితో పోట్లాడ్డం ఎంత కష్టమో నాకు అప్పుడే అర్థమయింది.

మా నాన్న గురించి ఇంకొకటి చెప్పాలి. ఆయన కాగితాల మనిషి. మంచం కింద ఒక రేకుపెట్టె ఉండేది. అందులో మా ఇంటి కాగితాలకంటే మా వీధివాళ్ళ కాగితాలే ఎక్కువ. పట్టాలు, రేషన్ కార్డులు, బాప్తిస్మం సర్టిఫికెట్లు, పిల్లల పుట్టినతేదీ కాగితాలు, అన్నీ తెచ్చి ఆయన దగ్గర పెట్టేవాళ్ళు. ఇంట్లో ఉంటే చెదలు పడతాయి, వాన తడుపుతుంది. మాస్టారి పెట్టెలో ఉంటే భద్రం. ఎవరు వచ్చి ఏది అడిగినా పెట్టె తెరిచి, చూడకుండా చెయ్యి పెట్టి, అదే తీసి ఇచ్చేవాడు. అలా తీసి ఇచ్చేటప్పుడు ఆయన ముఖం చూడాలి. ఊళ్ళో భూమి ఉన్నవాళ్ళు చాలామందే ఉన్నారు. ఆ ముఖం మాత్రం మా నాన్న ఒక్కడిదే.

ట్రెయినింగు ఇంటర్వ్యూకి పిలుపు వచ్చింది. బెజవాడలో మంగళవారం. బీయస్సీ కాలేజీవాళ్ళు అదే వారం శుక్రవారం రమ్మన్నారు. రెండు చోట్లా ఒరిజినల్స్ ఇవ్వాలి. మార్కుల కాగితాలు సరే. టీసీ అనేది మాత్రం, కాలేజీ వదిలి వెళుతున్నామని ఇచ్చే ఆ కాగితం, ఒక్కటే ఉంటుంది. అది ఎవరి బల్లమీద పెడితే మనం వాళ్ళవాళ్ళం. మంగళవారం అది ట్రెయినింగు స్కూలు గుమాస్తా చేతికి వెళితే శుక్రవారం నేను ఎక్కడికీ వెళ్ళనక్కర్లేదు.

మంగళవారం పొద్దున్నే నాన్న మంచంమీద కాగితాలన్నీ పరిచి, వేలుపెట్టి ఏడు లెక్కపెట్టాడు. మళ్ళీ లెక్కపెట్టి గుడ్డసంచిలో పెట్టాడు. నేను నా చేతిసంచిలో దువ్వెన, రుమాలు, లాగ్ టేబుల్స్ పుస్తకం పెట్టుకున్నాను. ఆ పుస్తకం లేకుండా నేను ఎక్కడికీ వెళ్ళేదాన్ని కాదు. "అదెందుకే?" అంది అమ్మ. ఏమన్నా అడుగుతారేమో అన్నాను.

నందిగామలో దిగాం. టైపు చేయించిన నకళ్ళమీద గెజిటెడ్ ఆఫీసరు ఆకుపచ్చ సిరాతో సంతకం పెట్టాలి. మాకు తెలిసిన గెజిటెడ్ ఆఫీసరు పశువుల డాక్టరుగారు ఒక్కరే. ఆస్పత్రి వసారాలో కట్టేసిన గేదెలు, వాటి వెంట వచ్చిన రైతులు. నాన్న ఒరిజినల్స్ చూపించి, సంతకాలు చేయించుకుని, సంచి తెచ్చి నా చేతికిచ్చాడు. మళ్ళీ లోపలికి వెళ్ళి డాక్టరుగారికి దణ్ణం పెట్టి, మా ఊళ్ళో ఎవరిదో దూడ సంగతి చెబుతూ నిలబడ్డాడు.

నేను బెంచీమీద కూర్చున్నాను. కాళ్ళు ఊగుతున్నాయి. గేదె ఒకటి నన్నే చూస్తోంది. చెయ్యి సంచిలోకి వెళ్ళింది, టీసీ తీసింది, మడతపెట్టి లాగ్ పుస్తకంలో పెట్టింది. చెయ్యి చేసిందని రాస్తున్నాను గానీ, చేసింది నేనే. ముందుగా అనుకోలేదని ఇన్నాళ్ళూ నాకు నేను చెప్పుకున్నాను. అనుకోకపోతే ఆ పుస్తకం ఎందుకు తెచ్చుకున్నట్టు?

కీసర వంతెన దాటేటప్పుడు చెప్పేద్దామనుకున్నాను. కంచికచర్లలో బస్సు ఆగినప్పుడు అనుకున్నాను. పరిటాల వెళ్ళిపోయింది. ఎదురొచ్చే లారీల నంబర్లను కారణాంకాలుగా విడగొడుతూ కూర్చున్నాను. నాన్న పక్కన కునుకు తీస్తున్నాడు, సంచి గుండెలకు హత్తుకుని.

ట్రెయినింగు స్కూల్లో మా వంతు వచ్చింది. గుమాస్తా ఒక్కో కాగితం తిప్పి చూశాడు.

"టీసీ ఏదండీ?"

"ఉందండి, అందులోనే ఉంది."

"లేదండీ."

నాన్న నవ్వాడు. గుమాస్తాకి పని తెలియదన్నట్టు నవ్వి, కాగితాలు తన చేతిలోకి తీసుకున్నాడు. ఒకసారి తిప్పాడు. రెండోసారి తిప్పేటప్పుడు నవ్వు పోయింది. సంచి తిరగేసి దులిపాడు. ఆ తర్వాత ఆ హాల్లో, అంతమంది ముందు, తెల్లపంచె కట్టుకున్న మా నాన్న నేలమీద చతికిలబడి, ఆరు కాగితాలూ పరిచి, వేలుపెట్టి లెక్కపెట్టాడు. ఆరే వచ్చాయి. మళ్ళీ లెక్కపెట్టాడు.

"రేపు తెస్తానండి. పొద్దున్నే తెస్తా. ఇంట్లో ఉండుంటదండి."

"లిస్టు ఇయ్యాళే పోద్దండి మాస్టారూ. మీరు టీచరయ్యుండి ఇట్టా వస్తే ఎట్టాగండీ?"

నాన్న పరిచిన కాగితాలు ఏరి సంచిలో పెట్టుకున్నాడు. పుస్తకం నా చేతిసంచిలోనే ఉంది. తెరిచి ఇస్తే అయిపోయేది. నోరు తెరవలేదు. వెనకాల ఉన్న అమ్మాయి నన్ను దాటి ముందుకు వచ్చింది.

తిరుగుదారిలో నందిగామలో దిగి, ఆయన పశువుల ఆస్పత్రి వసారా అంతా వెతికాడు. బెంచీ కింద, బల్ల కింద, గేదెల కాళ్ళ దగ్గర గడ్డి తీసి తీసి చూశాడు. కాంపౌండరు జాలిపడి తనూ వెతికాడు. నేనూ వంగి వెతికినట్టు నటించాను. నా బతుకులో నేను చేసిన పనులన్నిటిలో ఆ వంగడం నాకు ఎక్కువ అసహ్యం.

మర్నాడు టీసీ రేకుపెట్టెలో, అడుగున పరిచిన పాత పేపరు కింద దొరికింది. అక్కడ నేనే పెట్టాను. నాన్న దాన్ని పట్టుకుని చాలాసేపు చూశాడు. "ఇక్కడే పెట్టి పోయానా? మరి ఏడు లెక్కపెట్టానే" అన్నాడు. అమ్మ అందుకుంది. "ఊరందరి కాయితాలు దాస్తావు, కన్నకూతురి కాయితం మటుకు మరిచిపోయావు. ఏం మనిషివయ్యా నువ్వు!" అప్పుడు మొదలైన ఆ మాట ఆగలేదు. కూరలో ఉప్పు తక్కువైనా చివరికి టీసీ దగ్గరికే వచ్చేది.

శుక్రవారం నన్ను తీసుకెళ్ళి బీయస్సీలో చేర్పించాడు. హాస్టలు దగ్గర నిలబడి, "నా వల్ల నీ ఉద్యోగం పోయిందమ్మా, బాగా చదువుకో" అన్నాడు. నేను తలూపాను.

బాగానే చదువుకున్నాను. నేను అనుకున్నంత గొప్పదాన్ని కాదని రెండో ఏడాదికే తెలిసింది. క్లాసులో నాకంటే చురుకైనవాళ్ళు నలుగురున్నారు. అయినా ఒక సిద్ధాంతం ఎందుకు నిజమో మొదటి వాక్యం నుంచి చివరి వాక్యం దాకా సొంతంగా రాసిన రోజున, ఊగే నా కాళ్ళు ఆగాయి. అంత సంతోషం నాకు మరి దేంట్లోనూ దొరకలేదు. ఎమ్మెస్సీ అయింది, లెక్చరరు ఉద్యోగం వచ్చింది. చదువు నాకు దక్కింది, అందుకు విచారం లేదు. అదే నన్ను కుదురుగా ఉండనివ్వలేదు.

ఎందుకంటే మొదటి ఏడాది దసరా సెలవులకు ఇంటికి వెళ్ళేసరికి రేకుపెట్టె ఖాళీగా ఉంది. ఎవరి కాగితాలు వాళ్ళకి తిరిగి ఇచ్చేశాడు. "నా దగ్గర వద్దురా అయ్యా, పోగొడతా" అన్నాడట. వాళ్ళు ఎంత బతిమాలినా వినలేదట. స్కూలు రిజిస్టరు రాసినా రెండో టీచరుకి చూపించేవాడు. ఉత్తరం పోస్టు చెయ్యాలన్నా ఇంకొకరి చేతికిచ్చేవాడు. తలుపు తాళం వేసి మూడుసార్లు వెనక్కి వచ్చి లాగి చూసేవాడు. ప్రతి సెలవుకీ చెప్పేద్దామనే బయలుదేరేదాన్ని. ప్రతిసారీ ఆయన నా చదువు గురించి పదిమందికి చెబుతుంటే విని, నోరు మూసుకుని తిరిగి వచ్చేదాన్ని. ఇలా పన్నెండేళ్ళు గడిపాను.

ఎనభైల చివర్లో నాన్న రిటైరయ్యాడు. పెన్షను కాగితాలు నందిగామలో ఇవ్వాలి. నేను సెలవు పెట్టి వచ్చాను. ఆఫీసు మెట్లమీద ఆగి, అదే గుడ్డసంచి నా చేతికిచ్చాడు.

"నువ్వే ఇయ్యమ్మా. నా చేతిలో కాయితం నిలవదు."

అలా అనేటప్పుడు ఆయన ముఖంలో సిగ్గు కూడా లేదు. కంటిచూపు తగ్గిందని చెప్పినట్టు చెప్పాడు. నేను లోపలికి వెళ్ళి కాగితాలు ఇచ్చి, మిగిలినవి సంచిలో పెట్టుకుని వచ్చాను. పేట బస్సెక్కి పక్కపక్కన కూర్చున్నాం. సంచి నా ఒళ్ళో ఉంది. నా కాళ్ళు మళ్ళీ ఊగడం మొదలుపెట్టాయి.

"నాన్నా, ఆరోజు టీసీ నువ్వు పోగొట్టలేదు. పశువుల ఆస్పత్రిలో నేను తీశా."

ఆయన నావైపు తిరిగాడు. బస్సు మోతకు వినబడలేదేమోననుకుని మళ్ళీ చెప్పాను. లాగ్ పుస్తకంలో పెట్టానని, పెట్టెలో పేపరు కింద పెట్టింది కూడా నేనేనని, అంతా చెప్పాను. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండిపోయాడు. చిల్లకల్లు వచ్చింది.

"అయితే ఏడే ఉన్నయ్యన్నమాట" అన్నాడు చివరికి. "నేను లెక్కపెట్టినప్పుడు."

"ఏడే నాన్నా."

"పన్నెండేళ్ళు మీ అమ్మ చేత తిట్టించావు గదమ్మా నన్ను."

కోపంగా అన్నాడో ఎలా అన్నాడో నాకు తెలియలేదు. ఏడుపు ఆపుకోవడానికి నేను తల వంచుకున్నాను. అప్పుడు ఆయన చెయ్యి చాచి, నా ఒళ్ళోంచి సంచి తీసుకుని, తన ఒళ్ళో పెట్టుకున్నాడు. అందులోని కాగితాలు బయటికి తీసి, వేలుపెట్టి ఒక్కసారే లెక్కపెట్టి, లోపల పెట్టేశాడు. పేటలో దిగేటప్పుడు పట్టుకుంటానని చెయ్యి చాపాను. ఇవ్వలేదు.