శుక్రవారం నాటి కంతు

ఆ రోజుల్లో నా గురించి నాకు చాలా మంచి అభిప్రాయం ఉండేది. ఇప్పుడూ లేకపోలేదు గానీ, అప్పట్లో దానికి ఆధారాలు చూపించమని ఎవరూ అడగలేదు. ఎవరి దగ్గరా అప్పు చేయలేదు, ఎవరికీ ఎగ్గొట్టలేదు (ఎగ్గొట్టాలంటే ముందు ఎవరైనా ఇవ్వాలి కదా, ఆ అవకాశమూ రాలేదు). నేను చేసిన పెద్దపని ఒక్క సంతకం. పెనుకొండలో మేము ఇల్లు కట్టుకునేటప్పుడు, కిరాణా అంగడి నడిపే మా నాయన ఆదాయం ఒక్కటే చాలదని బ్యాంకువాళ్ళు అన్నారు. హిందూపురంలో నాకు అప్పుడే దొరికిన ఉద్యోగాన్ని కూడా చూపించి, ఇంటి లోనులో ఆయనతోపాటు నేనూ సంతకం పెట్టాను. ఇల్లు బ్యాంకుకు తాకట్టు, నెలనెలా అయిదో తారీఖున కంతు నాయన ఖాతాలోంచి దానంతటదే పోతుంది. దానంతటదే జరిగే పనిని మనుషులు చెడగొట్టలేరని నా నమ్మకం. మా అవ్వను నేను లెక్కలోకి తీసుకోలేదు.

హిందూపురంలో నా ఉద్యోగం కంప్యూటర్ ఎంబ్రాయిడరీ అంగట్లో. జాకెట్ల మీద నెమళ్ళూ ఏనుగులూ కుట్టేది మిషను. దానికి తోడుగా కూర్చుని, దారం తెగినప్పుడల్లా ఎక్కించేది నేను. కొన్నాళ్ళకు సొంత మిషను పెట్టుకోవాలన్న ఆశ పుట్టింది. పెట్టుకుంటే ధర్మవరంలోనే పెట్టుకోవాలి. అక్కడ పట్టుచీరలకు కొదవ లేదు గానీ, పెళ్ళిళ్ళ కాలంలో జాకెట్ల పనికి జనం వారాల తరబడి ఆగాల్సి వచ్చేది. చీరలకు పాలిష్ పట్టే భాయ్ ఒకాయన (ఊరంతా పాలిష్ భాయ్ అనే పిలుస్తుంది) తన పక్క షట్టరు ఖాళీగా ఉందని చెప్పాడు.

"దసరా లోపల తెరిస్తే సీజనంతా నీదే అబ్బా. ఇంగొకడు కూడా అడుగుతాండాడు, నీకోసరమే ఆపినా. మిషనుకు లోను వస్తాదా నీకు?"

"నాకు రాకుంటే ఇంగెవరికొస్తాది భాయ్," అన్నాను. వినయం నాకు మొదటినుంచీ తక్కువే.

ధర్మవరంలో నేను లోను అడిగిన బ్యాంకు వేరు, మా ఇంటి లోను బ్యాంకు వేరు. అక్కడి మేడం నా కాగితాలన్నీ చూసి, కంప్యూటర్లో ఏదో కొట్టి, మొహం మార్చుకుని, తెరను నా వైపు తిప్పింది.

"ఏం బాబూ, ఇంటి కంతులు ఆలస్యంగా కడతాండారే?"

"అది నేను కాదు మేడం. నా పేరు గలవాళ్ళు పెనుకొండలో చానామంది ఉండారు."

"పాన్ నంబరు కూడా అందరికీ ఒకటేనా?"

పెనుకొండ అంత ఐకమత్యం ఉన్న ఊరేమీ కాదు కాబట్టి తెర వైపు వంగి చూశాను. నెలకొక గడి. సమయానికి కట్టిన నెలల్లో సున్నా, కొన్ని నెలల్లో మాత్రం ఎన్ని రోజులు ఆలస్యమో ఆ అంకె. చిన్నప్పటినుంచీ సున్నాలు చూస్తే భయపడిన నాకు, సున్నాల కోసం వెతుక్కోవాల్సి రావడం అదే మొదలు.

"నాలుగైదు రోజులే కద మేడం."

"ఒగసారైతే మర్చిపోయినారు అనుకుంటాం. మళ్ళీ మళ్ళీ అయితే అలవాటనుకుంటాం. అందుకే నీ క్రెడిట్ స్కోరు కిందికి దిగింది."

"కట్టేది మా నాయన మేడం. నేను ఉత్త సంతకమే."

"సంతకం పెట్టినాక ఇద్దరూ ఒకటే. ఆయప్ప ఆలస్యం చేస్తే నీకూ పడతాది."

చెరిపేయడానికి వీలుకాదా అని అడిగాను. పొరపాటున పడి ఉంటే సరిచేయించవచ్చునట, నిజంగా ఆలస్యమై ఉంటే మాత్రం ఎవరూ చెరపరట. నా మొహం చూసి ఆమెకు జాలి వేసినట్టుంది. "ఇంగ మీద తారీఖు తప్పకుండా కట్టండి. ఆరేడు నెలలు సరిగా కట్టినాక మళ్ళా రా. పాతది పోదుగానీ దాని బలం తగ్గుతాది. ఎందుకు ఆలస్యమైందో కూడా తెలుసుకోని రా, నేను పైవాళ్ళకు చెప్పాల గదా," అంది. వెనక్కి పంపేవాళ్ళను చాలామందిని చూశాను గానీ, మళ్ళీ రావడానికి దారి చెప్పి పంపినది ఆమె ఒక్కతే.

పెనుకొండ రైల్లో దారిపొడుగునా నాయనను నిలదీసే మాటలు సిద్ధం చేసుకున్నాను. ఇంటికి పోయి మొదటి మాట అనగానే ఆయన అవ్వ వైపు చూశాడు. మా ఇంట్లో ఆ చూపు వచ్చిందంటే విచారణ పూర్తయినట్టే. అవ్వ మాత్రం చింతపండులో గింజలు తీయడం ఆపలేదు.

"శుక్రవారం పూట ఇంట్లోంచి లక్ష్మి బయటికి పోగూడదురా. అంతే."

"అవ్వా, అది ఖాతాలోంచి తనంతట తానే పోతాది."

"నువ్వే చెప్పితివి గదా, తెల్లారకముందే బ్యాంకోళ్ళు లాక్కుంటారని. ఉంటే గదా లాక్కునేది."

జరిగింది ఇదీ. అయిదో తారీఖు శుక్రవారం పడిన ప్రతిసారీ నాయన గురువారం సాయంత్రమే ఏటీఎంలో డబ్బు తీసి తెచ్చేవాడు. అవ్వ దాన్ని దేవుడి గూట్లో పెట్టి హాయిగా నిద్రపోయేది. శనివారం నాయన సరుకుకు హిందూపురం పోవాలి. ఆదివారం బ్యాంకు లేదు. సోమవారం అంగట్లో తీరదు. మంగళవారం డబ్బు బయటికి ఇవ్వకూడదు (లక్ష్మికి వారానికి రెండు రోజులు సెలవు, బ్యాంకు ఉద్యోగులకు కూడా ప్రతివారం అన్ని లేవు). ఇక బుధవారం తీరిగ్గా, పసుపు బొట్టుతో సహా ఆ నోట్లు బ్యాంకుకు చేరేవి. ఈ ప్రపంచంలో ఇంత భక్తిగా ఆలస్యం చేసిన కుటుంబం మరొకటి ఉండదు.

"బ్యాంకు నుంచి మెసేజీలు రాలేదా నాయనా?"

"ఇంగ్లీషులో వచ్చేవన్నీ లోను కావాల్నా అని అడిగేటివే అనుకుంటిరా. అయినా పెనుకొండ బ్యాంకు సంగతి ధర్మవరం బ్యాంకుకు ఎవురు చెప్పినారు?"

"నువ్వొక షావుకారుకు బాకీ ఆలస్యం చేస్తే సాయంత్రానికి బజారంతా తెలీదా? ఇదీ అంతే. కాకపోతే వీళ్ళు టీ తాగకుండానే చెప్పుకుంటారు."

నాయన నవ్వబోయి ఆగిపోయాడు. అవ్వ చింతపండు పక్కన పెట్టింది. "అయితే నీకు మిషను రాదా?"

"ఇప్పటికి రాదవ్వా."

రైల్లో సిద్ధం చేసుకున్న మాటలన్నీ వృథా అయ్యాయి. మర్నాడు పొద్దున నేను చెప్పులు వేసుకుంటుంటే అవ్వ వాకిట్లోకి వచ్చింది.

"ఇంటి పత్రాలు యాడ ఉండాయిరా?"

"బ్యాంకు కాడ. తాకట్టు గదా."

"అప్పు తీరేదాకా ఇల్లు వాళ్ళ చేతిలోనే ఉన్నట్లే. అట్లయితే శుక్రవారం దుడ్లు యాడికి పోతాండాయి? వాళ్ళింట్లోంచి వాళ్ళ కాడికే గదా. దాంట్లో తప్పేముండాది?"

తాకట్టు పెట్టినా ఇల్లు మనదే అవుతుందని వివరించబోయాను. నాయన నా కాలు తొక్కాడు. గట్టిగానే తొక్కాడు.

హిందూపురం పోయే రైల్లో, ఎదురుగా కూర్చున్న ముక్కూ మొహం తెలియనివాళ్ళకు ఈ కథంతా చెప్పి, మా అవ్వ అమాయకత్వం మీద బోగీ అంతా నవ్వించాను. తర్వాత భాయ్‌కి ఫోన్ చేసి, షట్టరు ఆ రెండోవాడికి ఇచ్చేయమన్నాను. కారణం విని ఆయన చాలాసేపు నవ్వాడు.

"శుక్రవారం మేమూ పని ఆపుతాం లేబ్బా. మీ అవ్వను నేనేమీ అనలేను. నీ లోను వచ్చేంతవరకూ ఆడ చీరల కట్టలు పెట్టుకుంటా. నువ్వొచ్చినప్పుడు తీసేస్తా."

ఆయన దగ్గర అన్ని కట్టలు లేవని తర్వాత తెలిసింది. దసరా పోయింది, దీపావళి పోయింది, ఆ షట్టరు వెనుక రెండు కట్టలు, ఒక విరిగిన కుర్చీ, రాని బాడుగ, అంతే ఉన్నాయి. ఇంట్లో మాత్రం అయిదో తారీఖు ఏ వారం పడినా కంతు కదిలింది. శుక్రవారం పడిన నెలలో అవ్వ తెల్లవారుజామునే దీపం పెట్టి, కళ్ళు మూసుకుని ఏదో గొణుక్కుంది. ఏమని అడిగే ధైర్యం నాకు రాలేదు. చెప్పిన గడువు దాటాక మేడం దగ్గరికి పోతే, నన్ను గుర్తుపట్టి, ముందుగా శుక్రవారం కథ అడిగింది. విన్నాక "మా ఇంట్లోనూ ఇదే తంతు," అని ఒక్క ముక్క అని, కాగితాలు పైకి పంపింది. మాఘమాసం పెళ్ళిళ్ళకు మిషను దిగింది.

భాయ్ శుక్రవారం మూస్తాడు, ఆయనతోపాటు నేనూ మూస్తాను. అలా ఒక శుక్రవారం నేను పెనుకొండలో ఉండగా, పక్కింటామె గ్లాసుడు చక్కెర చేబదులు అడగడానికి వచ్చింది. అవ్వ నిర్మొహమాటంగా "రేపు రామ్మా," అని పంపేసింది.

"ఏమవ్వా, బ్యాంకుకైతే అంత దుడ్డు పంపిస్తివి, గ్లాసు చక్కెర కాడ అడ్డమొచ్చెనా లక్ష్మి?"

"చక్కెరా నువ్వూ ఒగటేనా?" అంది అవ్వ. కొంచెం ఆగి, "తాకట్టు పెడితే ఇల్లు వాళ్ళదైపోతాదా యాడన్నా? నా గాజులు ఎన్నిసార్లు పెట్టి విడిపించుకోలేదు నేను. ఏదో ఒగటి చెప్పకుంటే ఆ లక్ష్మమ్మకు జవాబు ఎట్ల చెప్పుకోవాల?" అని లోపలికి పోయింది.

ఆ పూట నాకు, రైల్లో అవ్వ అమాయకత్వం చెప్పి బోగీనంతా నవ్వించిన ఆ కుర్రవాడు గుర్తొచ్చాడు. పాపం, ఎంత బాగా చెప్పాడో.