ఆరో పేరా

"తీసరీ మంజిల్‌వాలే అంకుల్‌జీ నహీ రహే" అని మా బ్లాకు వాట్సాప్ గ్రూపులో సెక్రటరీగారు పెట్టిన మెసేజ్ చూసేసరికి నేను ఆఫీసుకి వెళ్తూ మెట్రోలో ఉన్నాను. మూడో అంతస్తు అంకుల్ పోయారు. ముందురోజు సాయంత్రమే గుండెలో నొప్పని ఆసుపత్రికి తీసుకెళ్ళారు. కుర్చీలో కూర్చోబెట్టి నలుగురు మెట్ల మీదుగా దించుతుంటే "జాగ్రత్త నాయనా, మీ నడుములు" అని వాళ్ళకే చెబుతూ దిగారాయన. అంత మాట్లాడిన మనిషి తెల్లారేసరికి లేకపోవడమేమిటి? తర్వాతి స్టేషన్‌లో దిగిపోయి వెనక్కి వచ్చే రైలెక్కాను. ఏడుపు రాలేదు, భయం వేసింది. ఆయనకి చెప్పాల్సిన మాట ఒకటి రెండేళ్ళుగా నా గొంతులోనే ఉండిపోయింది. ఇక అది ఎవరికి చెప్పను?

మాది మయూర్ విహార్‌లో ఒక పాత బ్లాకు. కింద ఇళ్ళు, పైన మూడంతస్తులు, మొత్తం పదహారు కుటుంబాలు. లిఫ్టు లేదు. ఆసుపత్రి నుంచి తెచ్చాక, పైకి ఎక్కించి మళ్ళీ దించడం ఎందుకని ఆయన్ని కిందే, మా బాల్కనీ ముందున్న ఖాళీ జాగాలో పడుకోబెట్టారు. చలికాలంలో మా వైపు ఎండ తగిలేది అక్కడొక్కచోటే. ఇక ఆంటీ దిగి రావాలి. మోకాళ్ళ నొప్పులతో ఆవిడ ఏడాదిగా గుమ్మం దాటలేదు. మా ఆయన ఒక పక్క, గురుగ్రామ్ నుంచి వచ్చిన వాళ్ళబ్బాయి ఒక పక్క పట్టుకుంటే, ప్రతి మలుపులోనూ మెట్టు మీద కూర్చుని ఆయాసం తీర్చుకుంటూ దిగారు. అంతసేపూ అందరం తలలెత్తి మెట్ల వైపే చూస్తూ నిలబడ్డాం. నాకైతే తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఎందుకంటే ఆయన్ని పడుకోబెట్టిన ఆ జాగాలోనే లిఫ్టు రావలసింది. దాన్ని ఆపిన ఓట్లలో నాదొకటి.

ఆయన రిటైరయ్యేదాకా కేంద్ర ప్రభుత్వంలో ఒకటే పని చేశారు. ఒక ఊరు వంతెన కావాలంటుంది, ఇంకో ఊరు ఆసుపత్రి కావాలంటుంది. దేనివల్ల ఎందరికి మేలు, ఎవరికి నష్టం అని తూచి ఫైలు మీద నోటు రాయడం ఆ పని. సర్వీసంతా సరోజినీ నగర్ క్వార్టర్లలో గడిపి, చివర్లో ఇక్కడ ఇల్లు కొనుక్కున్నారు. నేనూ ఒక ఆఫీసులో ఫైళ్ళు తిప్పే దాన్నే. ఇద్దరం గోదావరి వైపు వాళ్ళమన్న చుట్టరికం కన్నా ఆ ఫైళ్ళ చుట్టరికమే మమ్మల్ని ఎక్కువ దగ్గర చేసింది. ఆయన ఏది రాసినా పేరాలకు అంకెలు వేసేవారు.

"పెళ్ళిచూపులకొచ్చినప్పుడు కూడా నా మీద నోటు రాసుకునే ఉంటారమ్మాయ్. ఎన్నో పేరాలో ఒప్పుకున్నారో మాత్రం చెప్పరు" అనేవారు ఆంటీ.

"ఒకటో పేరాలోనే" అని నవ్వేవారాయన.

మెట్ల మీద బల్బు పోతే, ఎవరో ఒకరు మారుస్తార్లే అని మేమంతా తడుముకుంటూ ఎక్కేవాళ్ళం. ఆ ఎవరో ఒకరు ఎప్పుడూ ఆయనే. నాకు ఒళ్ళు మండి ఒకసారి అడిగేశాను. "ఎందుకంకుల్, అందరికీ అలుసైపోయారు?"

"వాళ్ళని తిట్టే టైములో నాలుగు బల్బులు మార్చొచ్చమ్మా. వెలుతురు మనిషిని చూసి పడదు కదా. బల్బు కొన్నవాడికీ కొననివాడికీ ఒకేలా కనిపిస్తాయి మెట్లు. చిక్కంతా అక్కడే ఉంది, అందమూ అక్కడే ఉంది" అన్నారు.

లిఫ్టు పెట్టించుకుందామన్న మాట వచ్చినప్పుడు, నోటు రాసే పని సహజంగా ఆయన మీదే పడింది. ఇంకెవరైనా అయితే లాభాలు మాత్రమే రాసేవారు. ఆయన సర్వీసులో ఎలా రాశారో అలాగే రాశారు. ఐదు పేరాలు మేలు గురించి. ఆరో పేరా ఇది: "లిఫ్టు గోడ లేస్తే కింది అంతస్తులో ఎడమవైపు ఇంటికి చలికాలపు ఎండ పూర్తిగా పోతుంది. అక్కడ రోజూ ఒక పెద్దావిడ కూర్చుంటారు. ఇది చిన్న నష్టం కాదు." ఆ ఇల్లు మాది. ఆ పెద్దావిడ మా అత్తగారు. నేను లోలోపల గొణుక్కుంటున్న మాటని నాకన్నా బాగా ఆయనే కాగితం మీద పెట్టారు. ఇంకేం కావాలి నాకు? పైగా ఆ మెట్లు ఎక్కలేక అవస్థ పడేవాళ్ళు నా కంట ఎప్పుడూ పడలేదు.

మూడింట రెండొంతులు, అంటే పదకొండు ఓట్లు కావాలి. చీటీల మీద, రహస్యంగా వెయ్యాలని పట్టుబట్టింది ఆయనే. తనది మాత్రం వెయ్యనన్నారు. "నా మోకాళ్ళ కోసం నేనే ఓటేసుకుంటే నా నోటుకి విలువేముంటుంది?" అన్నారు. ఓటెయ్యరు కాబట్టి లెక్కపెట్టే పని ఆయనకే అప్పజెప్పారు. నేను చీటీ మీద 'నో' అని రాశాను. రాసి ఊరుకోవచ్చుగా! పాతికేళ్ళ ఆఫీసు అలవాటు, చెయ్యి దానంతటదే కదిలింది: "నో. పేరా 6 చూడండి." రహస్య ఓటు మీద సంతకం ఒక్కటే తక్కువ. డబ్బాలో పడ్డాక గాని నాకా సంగతి తట్టలేదు.

ఆయన ఒక్కో చీటీ విప్పి చదువుతున్నారు. నాది విప్పారు. కొంచెం ఆగారు. "నో" అని మాత్రం చదివి, మడిచి, మిగతా వాటి కింద పెట్టేశారు. నా వైపు చూడలేదు. మొత్తం పది ఓట్లొచ్చాయి. ఒక్కటి తక్కువ. "ఠీక్ హై, సబ్‌కా ఫైస్లా హై", అందరి నిర్ణయమూ ఇదే కదా అని కాగితాలు సర్దుకుని, రెయిలింగు పట్టుకుని పైకి వెళ్ళిపోయారు. ఆ మెట్ల మీద ఆయన ఎన్నిసార్లు ఆగుతారో నేను మొదటిసారి విన్నది ఆరోజే.

తర్వాతి వారం మా బాల్కనీ ముందు ఎండలో, మా అత్తగారి పక్కన కూర్చుని వేరుశనక్కాయలు వలుస్తూ, "ఎండ బాగుంది" అన్నారు. అలా వలుస్తూనే ఒక సంగతి చెప్పారు.

"ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక ఊళ్ళో రైలు పట్టాల మీద కాలినడక వంతెన అక్కర్లేదని రాశానమ్మా. రోజుకి ఎంతమంది దాటుతున్నారో లెక్క తెప్పిస్తే బొత్తిగా తక్కువ తేలింది. కాగితం మీద నేను రాసింది కరెక్టే. కొన్నేళ్ళకి వేరే పని మీద ఆ ఊరెళ్తే, పట్టాలకి ఇవతలున్న ఒకావిడ అంది, 'బడి అటుపక్కుంది బాబూ, పట్టాలు దాటించలేక పిల్లల్ని మానిపించేశాం' అని. దాటలేక మానేసిన వాళ్ళు నా లెక్కలో లేరు. కనిపించిన వాళ్ళనే లెక్కపెట్టాను నేను."

అని వలిచిన గింజలు మా అత్తగారి చేతిలో పోశారు. ఎవరి గురించి చెబుతున్నారో నాకు తెలుసు. "అంకుల్, ఆ చీటీ నాదే" అంటే సరిపోయేది. "టీ పెట్టనా అంకుల్?" అన్నాను. సిగ్గులేకపోతే సరి.

ఆ తర్వాత రోజూ దిగే మనిషి వారానికి రెండుసార్లు దిగారు, తర్వాత ఎప్పుడో ఒకసారి. ఆంటీ పూర్తిగా మానేశారు. బాల్కనీలోంచి తాడు కట్టిన బుట్ట దించేవారు. పాలు, కూరలు అందులోనే. ఆ బుట్ట రోజూ మా వంటింటి కిటికీ ముందు నుంచే పైకి వెళ్ళేది. పోయిన దసరా రోజుల్లో మాత్రం అంకుల్ బ్లాకు వెనకవైపు చేతికర్రతో అడుగులు వేస్తూ కనిపించారు. ఆగి ఏదో రాసుకుంటున్నారు. "వాకింగా అంకుల్?" అంటే "అలాంటిదేనమ్మా" అన్నారు.

కర్మలన్నీ అయ్యాక, ఇక ఉండబట్టలేక ఆంటీ దగ్గరికి వెళ్ళాను. "ఆంటీ, ఆరోజు లిఫ్టు ఓటు..." అని మొదలుపెట్టానో లేదో, ఆవిడ నా చెయ్యి పట్టుకున్నారు.

"తెలుసమ్మాయ్. ఆరోజే చెప్పారు. కోపంతో కాదులే. 'నా నోటు చివరిదాకా చదివి ఓటేసిన మనిషి ఈ బ్లాకులో ఒక్కతే ఉందోయ్' అని మురిసిపోయారు కూడాను."

మెట్రోలో రాని ఏడుపు అప్పుడొచ్చింది. ఆవిడ నన్ను ఏడవనిచ్చి, లోపలికెళ్ళి లిఫ్టు ఫైలు తెచ్చి ఒళ్ళో పెట్టారు. నా చీటీ అందులో గుండుసూదితో గుచ్చి ఉంది. నోటు చివర, వణికిన అక్షరాలతో, పెన్సిల్‌తో ఏడో పేరా: "ఆరో పేరాలోని అభ్యంతరం సబబైనది. లిఫ్టు వెనకవైపు పెట్టవచ్చు. డ్రైనేజీ పైపులు కొంచెం జరపాలి. అడుగులతో కొలిచి చూశాను. ఎండ పోదు."

"మరి మీటింగులో ఎందుకు పెట్టలేదాంటీ?"

"చలి తగ్గాక పెడతానన్నారమ్మా" అన్నారావిడ.

చలి ఇంకా తగ్గలేదు. ఈ ఆదివారం మీటింగు పెట్టమని నేనే అడిగాను. ఫైలు కిందికి తెచ్చుకుని కాపీలు తీయించి, ఆయన పెన్సిల్ రాత కింద పెన్నుతో ఎనిమిదో పేరా రాశాను: "పై పేరా చూశాను. ఒప్పుకుంటున్నాను." ఈసారి ఇంటి నంబరు వేసి సంతకం పెట్టాను. ఆయన చూడాల్సిన సంతకం అది.

నిన్న పొద్దున్న ఆంటీ బుట్ట దించితే, పాల ప్యాకెట్ల పక్కన ఆ ఫైలు నిలబెట్టాను. మా అత్తగారు ఎండలో కూర్చుని చూస్తున్నారు. బుట్ట మా కిటికీ దాటి, మొదటి అంతస్తు దాటి, రెండో అంతస్తు దగ్గర ఆగిపోయింది. ఆంటీకి చేతులు నొప్పెట్టి ఉంటాయి. ఎండలో, తాడు చివర కొంచెంకొంచెంగా తిరుగుతూ అది అక్కడే వేలాడింది. నేను కింద తలెత్తి నిలబడ్డాను. కాసేపటికి మళ్ళీ కదిలింది.