బావి నీళ్ళలో వెలిగిన బల్బు

మా చిన్నప్పుడు మా హైస్కూల్లో ఒక బల్బు వెలిగింది... వెలగకూడని చోట. ఇన్నేళ్ళూ ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. నిన్న ఎవరో మా సైన్సు సారుకు శాలువా కప్పిన ఫోటో పెట్టి, ‘నిజాన్ని ప్రేమించడం నేర్పిన గురువు’ అని రాశారు. అది చదివాక పూజలో మనసు నిలవలేదు. అందుకే రాస్తున్నాను.

ఆయన పాఠమంటే వల్లె వేయించడమే... ఉప్పులాంటి అయానిక సమ్మేళనాలు గట్టిగా ఉంటాయి, దెబ్బ కొడితే పగులుతాయి, మామూలు మంటకు కరగవు, నీళ్ళలో ఇట్టే కరిగిపోతాయి. రోట్లో రాళ్ళుప్పు దంచే పిల్లలం, దిష్టి తీసి పొయ్యిలో వేసే పిల్లలం... ఇవన్నీ మాకు తెలిసినవే. కొత్త మాట ఒక్కటే. పొడి ఉప్పులో కరెంటు పారదు. నీళ్ళలో కరిగితే అయాన్లు విడిపోయి కదులుతాయి, అప్పుడు పారుతుంది.

ఒకరోజు తనిఖీకి అధికారి వచ్చాడు. సారు బల్బు, తీగలు సిద్ధం చేసి, నన్ను బడి బావి నుంచి నీళ్ళు తెమ్మన్నాడు. పొడి ఉప్పులో తీగలు పెడితే బల్బు వెలగలేదు. “ఇప్పుడు ఉత్త నీళ్ళు. వీటిలోనూ వెలగదు” అంటూ తీగలు ముంచాడు.

బల్బు ఎర్రగా, మసకగా వెలిగింది... అధికారి మీసాల చాటున నవ్వాడు.

సారు నా వైపు తిరిగాడు. “ఏమ్మే, నీళ్ళల్లో ఉప్పేసినావా?”

“లేదు సార్. మన బాయి నీళ్ళే ఉప్పగా ఉండాయి. వీటితో కందిబ్యాళ్ళు గూడా ఉడకవు.”

“నాకే పాఠం చెప్తాండావా?”

ఒక్క గుక్క నోట్లో పోసుకుని చూస్తే తెలిసేది. పోసుకోలేదు. తను తాగే నీళ్ళు రోజూ కళ్యాణదుర్గం నుంచి తెచ్చుకునేవాడు మరి... పుస్తకంలో నీళ్ళే ఆయనకు నీళ్ళు.

సారు సరేనంటే నన్ను కాలేజీలో సైన్సు చదివించాలని మా నాయన ఆశ. పది అయిపోగానే అడగడానికి పోయాడు.

“నీ కూతురు అబద్ధాలు చెప్తాదప్పా. పైగా ఎదురు మాట్లాడతాది. ఈ సదువు చాల్లే” అన్నాడట సారు.

నాయన ఇంటికొచ్చి తలగుడ్డ విప్పుతూ, “సారే అట్లన్నాక ఇంగేముందమ్మా” అన్నాడు. నా చదువు అక్కడే ఆగింది.

ఎవరి మీదా కోపం ఉంచవద్దని రోజూ స్వామికి మొక్కుకుంటాను. కోపం లేదు... ఉన్నది చిన్నచూపే. అది పాపమైతే ఆ స్వామే చూసుకుంటాడు.

ఇప్పుడు మా ఊళ్ళో అందరిళ్ళలోనూ క్యాను నీళ్ళే... చప్పగా, ఏ రుచీ లేకుండా. వాటిలో ముంచితే ఆ బల్బు వెలిగేది కాదేమో. సారు పాఠం ఇన్నేళ్ళకు మా ఊరికి సరిపోయింది. సాక్ష్యం చెప్పడానికి ఆ బావి కూడా లేదు, పూడ్చేశారు.

మీ ఊరి బావి నీళ్ళ రుచి గుర్తుంటే రాయండి... ఇది మాత్రం మీ దగ్గరే దాచుకోండి, ఆయనకు చూపించకండి. చూపించినా, నీళ్ళలో ఎవరో ఉప్పేశారనే అంటాడు.